కొండల్లో దొరికే చిక్కుడు కుటుంబం తీగలు: ఇది అదేనా, వేరేనా అని తేల్చుకోవడం ఎలా?

వానాకాలం చివర్లో అనంతగిరికో, శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు వైపో వెళ్ళొచ్చిన హైదరాబాదీల ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. పొదను చుట్టుకున్న సన్నటి తీగ, మూడేసి ఆకులు, చిన్న పసుప్పచ్చ పువ్వు. ఇదేంటని అడిగితే ఒకరు అడవి పెసర అంటారు, ఇంకొకరు అడవి కంది అంటారు, యాప్ ఇంకేదో మూడో పేరు చెబుతుంది. ఆ ఒక్క ఫొటో పెట్టుకుని నిజానికి ఎవరూ ఏమీ తేల్చలేరు, ఎందుకంటే ఈ తీగల్లో ఫొటోకు బాగా కనపడేది ఆకు, అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేదీ ఆకే. అసలు సంగతి కాయలో, గింజ మీద, కణుపు దగ్గర ఉండే గోరంత ముక్కలో ఉంటుంది. పైగా ఒక్క మొక్కను చూస్తే సరిపోదు, అక్కడున్న గుంపునంతా చూడాలి. ఈ పని ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్ళు ఎవరైనా చేయొచ్చు, కాకపోతే ఓపిక ఉండాలి.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి

పువ్వు, ముదిరిన కాయ రెండూ ఒకే తీగ మీద దొరికే రోజులు చూసుకోండి. మన వైపు చిన్న తీగలకు అక్టోబరు, నవంబరు మంచి సమయం. దూలగొండి కాయ ముదరాలంటే చలికాలం రావాలి. తీగ మోదుగ మాత్రం ఎండలు మొదలయ్యే వేళకు పూస్తుంది కాబట్టి దానికోసం ఇంకోసారి వెళ్ళక తప్పదు.

ఆమ్రాబాద్ టైగర్ రిజర్వు లాంటి చోట లోపలికి వెళ్ళడానికే అనుమతి కావాలి, ఇక కొమ్మ తెంపడం, గింజలు తేవడం లాంటివి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా చేయకండి. "రెండు కాయలే కదా" అనే వాదన చెక్‌పోస్టు దగ్గర పనిచేయదు. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా, నగర శివార్లలో గుట్టల పక్కన, చెరువు కట్టల మీద, పాత కాంపౌండ్ గోడల మీద గురివింద, శంఖుపుష్పం, పసుపు పువ్వులు పూసే రింకోజియా అనే సన్నటి తీగ లాంటివి చాలా దొరుకుతాయి. అక్కడ చేయి తిరిగాక కొండెక్కండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్, మిల్లీమీటర్ల స్కేలు, పెన్సిలు, నోట్‌బుక్, కాగితం కవర్లు, పాత న్యూస్‌పేపర్లు, ఒక కత్తెర. కోఠి, అబిడ్స్ వైపు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో లెన్స్ అడిగితే ఇస్తారు. కాయలను ప్లాస్టిక్ కవర్లో వేయకండి, ఇంటికొచ్చేసరికి బూజు పడుతుంది. చేతులకు గ్లవ్స్ మాత్రం దూలగొండి కోసం తప్పనిసరి. దాని కాయ మీద ఉండే నూగు ఒంటికి తగిలితే రుద్దకుండా, సెల్లోటేపు అతికించి లాగేసి, తర్వాత నీళ్ళతో కడుక్కోవాలి. రుద్దారా, ఇక ఆ రోజు పని అయిపోయినట్టే.

మొదటి మెట్టు: అసలు ఇది ఏ గుంపు?

మూడాకుల తీగ కనపడగానే చిక్కుడు కుటుంబం అనుకోకండి. నులితీగ, అంటే టెండ్రిల్, ఉందేమో చూడండి. మన దక్కను గుట్టల్లో, తూర్పు కనుమల్లో మూడాకుల చిక్కుడు కుటుంబం తీగలు దాదాపు అన్నీ కాండంతోనే చుట్టుకుంటాయి. నులితీగ కనపడితే అది బుడ్డకాకరో, ద్రాక్ష కుటుంబానికి చెందిన తీగో అయ్యే అవకాశమే ఎక్కువ. ఆకు కాడ మొదట్లో కాస్త ఉబ్బినట్టు ఉండే కీలు లాంటి భాగం, విరబూసిన పువ్వులో ఒక పెద్ద రేక, రెండు పక్క రేకలు, కింద పడవలా కలిసిన రెండు రేకలు, చివరికి రెండుగా చీలే కాయ, ఇవి దొరికితే దారిలో పడ్డట్టే.

అన్నీ ఈ అచ్చులో ఉండవు. అడ్డాకు తీగ కూడా ఈ కుటుంబమే, విస్తర్లు కుట్టే ఆ ఆకు చివర మాత్రం రెండుగా చీలి ఉంటుంది, పువ్వు పడవ ఆకారంలో ఉండదు. సీకాయ కూడా ఈ కుటుంబం తీగే, ముళ్ళతో పట్టుకుని పైకెక్కుతుంది, ఆకులు తుమ్మాకుల్లా ఉంటాయి. 2017లో వివిధ దేశాల లెగ్యూమ్, అంటే చిక్కుడు కుటుంబపు, శాస్త్రవేత్తలు కలిసి ఈ కుటుంబాన్ని ఆరు ఉపకుటుంబాలుగా సర్దారు. అందులో అడ్డాకు తీగది ఒకటి, సీకాయది ఒకటి, చిక్కుడు, పెసర, కందులది ఇంకొకటి. తల బద్దలు కొట్టించేవి ఎక్కువగా ఈ మూడోదానిలోని మూడాకుల తీగలే, కాబట్టి మిగతాదంతా వాటి గురించే.

రెండో మెట్టు: ఒక మొక్క కాదు, గుంపు

ఒక చోట ఆగితే కనీసం ఇరవై మొక్కలు చూడాలని పెట్టుకోండి. తీగలతో వచ్చే చిక్కేంటంటే, ఒకే మొక్క నాలుగు పొదల మీదకి పాకి నాలుగు మొక్కల్లా కనపడుతుంది, లేదంటే రెండు వేర్వేరు జాతులు ఒకదానికొకటి పెనవేసుకుని ఒకే తీగలా కనపడతాయి. ఆకు ఒకదానిది, కాయ ఇంకోదానిది తెంపుకొచ్చి రాత్రంతా కొట్టుకునేవాళ్ళు ఉంటారు. అందుకే ప్రతి తీగను మొదలు దాకా వేలితో పట్టుకుని వెతకండి, మొదలు దొరికితేనే లెక్కలో వేసుకోండి, ఒక మొదలుకీ ఇంకో మొదలుకీ మధ్య నాలుగైదు అడుగులైనా ఎడం ఉంచుకోండి.

ప్రతి మొక్క దగ్గరా అదే ఆకును కొలవాలి. కాయ లేదా పూగుత్తి ఉన్న మొదటి కణుపు దగ్గరి ఆకు, దాని మధ్య పత్రకం, అంటే మూడింటిలో మధ్య ఆకు, పొడవు, వెడల్పు. ఒక మొక్కకు కింది ఆకు, ఇంకో మొక్కకు చివరి ఆకు కొలిస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు, ఎందుకంటే ఒకే తీగకు అడుగున తమ్మెలు తీరిన, అంటే అంచు లోతుగా చీలినట్టుండే, ఆకులు, పైన మామూలు ఆకులు ఉండటం మామూలే. నీడలోనా, ఎండలోనా, కిందంతా రాయా, మట్టా అన్నది కూడా పక్కనే రాయండి. పాడేరు, అరకు లాంటి చోట ఘాట్ రోడ్డు మైదానం నుంచి వెయ్యి మీటర్ల పైకి ఎక్కుతుంది కదా, అలాంటప్పుడు ప్రతి రెండు వందల మీటర్ల ఎత్తుకూ ఒకసారి ఆగి ఇదే పని చేస్తే, ఆకు మెల్లమెల్లగా మారుతోందా లేక ఒకచోట ఠక్కున మారిందా తెలిసిపోతుంది. ఈ తేడానే తర్వాత అక్కరకొస్తుంది.

అక్కడుండేవాళ్ళని అడగండి. నల్లమలలో చెంచు పెద్దలు తీగను కదిపి చూసే చెప్పేస్తారు, వాళ్ళ దగ్గర కూర్చుని "పెద్దయ్యా, దీని గడ్డ తింటారా? గింజ ఉడకబెడతారా?" అని అడిగితే ఏ పుస్తకంలోనూ లేని సంగతులు తెలుస్తాయి. కాకపోతే స్థానిక పేరునే శాస్త్రీయ పేరుగా లెక్కేయకండి. నేలగుమ్మడి అంటే కొందరు చిక్కుడు కుటుంబపు ప్యూరేరియా గడ్డ చూపిస్తారు, ఇంకొందరు బూరలాంటి పువ్వు పూసే ఐపోమియా గడ్డ చూపిస్తారు.

మూడో మెట్టు: దేన్ని ఎంత నమ్మాలి

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

నమ్మకూడనివి ముందు. ఆకు సైజు, ఆకు తమ్మెలు, తీగ పొడవు, నేల మీద పాకుతోందా పైకి చుట్టుకుంటోందా, ఇవన్నీ నీరు, ఎండ, పట్టుకోవడానికి దొరికిన ఆధారం బట్టి మారతాయి. పక్కన పొద లేకపోతే ఏ తీగైనా నేల మీదే పాకుతుంది. పువ్వు రంగు కూడా ఈ లెక్కలోదే. శంఖుపుష్పం నీలంగా పూస్తుంది, తెల్లగా పూస్తుంది, జాతి ఒకటే. గురివిందలో ఎర్ర గింజకు నల్ల మచ్చ అందరికీ తెలుసు, తెల్ల గింజల గురివిందా ఉంది, అదీ అదే జాతి. రంగు తేడా చూసి కొత్త జాతి అంటూ సంబరపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అన్నట్టు, గురివింద గింజను నోట్లో పెట్టుకోకండి, పిల్లల చేతికివ్వకండి, అందులో ఉండే అబ్రిన్ చాలా ప్రమాదకరమైన విషం.

వెంట్రుకలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నది వదిలేయండి, ఎలాంటి వెంట్రుకలన్నది చూడండి. ఎండిన రాతి మీద పెరిగిన మొక్కకు నూగు ఎక్కువ ఉంటుంది, వాగు పక్కన తక్కువ. కానీ ఆకు అడుగున లెన్స్ పెడితే పసుపు రంగు చుక్కల్లా మెరిసే జిగురు గ్రంథులు ఉన్నాయా లేవా అన్నది అంత తేలిగ్గా మారదు. అవి ఉంటే కంది, రింకోజియాల వైపు, లేకపోతే పెసర, మినుముల వైపు చూడాలి.

ఇక బాగా నమ్మదగినవి. ఆకు కాడ కాండానికి అతికే చోట రెండు పక్కలా చిన్న రెక్కల్లా ఉండే పత్రపుచ్ఛాలు. పెసర, మినుము, పిల్లిపెసరలుండే విగ్నా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) లోని ఆసియా విగ్నాల్లో ఇవి అడుగుతో కాకుండా మధ్యలో అతుక్కుని ఉంటాయి, అంటే కింది భాగం కణుపు కిందికి కూడా దిగి కనపడుతుంది. దీనికి పది సెకన్లు చాలు, చాలామంది అసలు చూడరు. పువ్వును విప్పి పడవ రేకలను, అంటే ద్రోణులను చూడండి: ఈ విగ్నాల్లో ద్రోణి మెలితిరిగి ఉంటుంది, ఒక పక్కన కొమ్ము లాంటి చిన్న జేబు పొడుచుకొస్తుంది. కేసరాలు లెక్కపెట్టండి. గురివిందలో తొమ్మిదే ఉంటాయి. టెరామ్నస్ లాబియాలిస్ అనే సన్నటి తీగలో పది ఉన్నా ఒకటి విడిచి ఒకటి గొడ్డువి, దాని కాయ కొస కొక్కెంలా పైకి వంగి ఉంటుంది.

కాయలో చూడాల్సినవి: గింజలెన్ని, గింజకూ గింజకూ మధ్య పైన నొక్కు ఉందా, గాడులు నిలువునా అడ్డంగానా, వెంట్రుకలు ఏ పొడవు. గింజలో చూడాల్సినవి: నాభి, అంటే గింజ కాయకు అంటుకున్న చోటి మచ్చ, ఎంత పొడవుంది, గుంటగా ఉందా సమంగా ఉందా, పక్కన తెల్లటి బుడిపె ఉందా.

దూలగొండి ప్రజాతి ఇక్కడ మంచి ఉదాహరణ. మ్యుకునా ప్రూరియన్స్ కాయ మీద గాడులు నిలువునా ఉంటాయి, గింజ మీద నాభి పొట్టిగా ఉంటుంది. కనుమల్లోనే దొరికే మ్యుకునా మోనోస్పెర్మా కాయ మీద మడతలు ఏటవాలుగా ఉంటాయి, లోపల తరచూ ఒకే ఒక్క పెద్ద గింజ, దాని నాభి గింజను సగానికి పైగా చుట్టేస్తుంది. ఆకులు పక్కపక్కన పెడితే నిపుణుడు కూడా తడబడతాడు, కాయలు పెడితే పదో తరగతి పిల్లాడు కూడా వేరు చేస్తాడు.

నాలుగో మెట్టు: ఎక్కువ మందిని ముంచే రెండు జంటలు

మొదటిది అడవి కంది తీగ, కజానస్ స్కారబేయాయిడిస్, దాని పక్కనే పెరిగే రింకోజియా మినిమా. రెండింటికీ మూడాకులే, పసుపు పువ్వులే, రెండింటి ఆకు అడుగునా జిగురు చుక్కలే. కాయను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురు వైపు తిప్పండి. రింకోజియా కాయ కాస్త కొడవలిలా వంగి ఉంటుంది, గింజలు రెండే, కాయ మీద అడ్డ గీతలు కనపడవు. కంది తీగ కాయ నూగుతో నిండి, గింజకూ గింజకూ మధ్య లోతైన అడ్డ నొక్కులతో, గొంగళిపురుగు వీపులా కనపడుతుంది, గింజలు ఎక్కువ ఉంటాయి. పువ్వులు కంది తీగలో ఆకు పంగలో పొట్టి గుత్తిగా నాలుగైదు వస్తే, రింకోజియాలో సన్నటి పొడవాటి కాడ మీద ఎడంగా వస్తాయి. గింజ తీసి నాభి పక్కన చూడండి, కంది తీగ గింజకు కొట్టొచ్చినట్టు కనపడే తెల్లటి బుడిపె ఉంటుంది. మనం పప్పు వండుకునే కందికి అది దాదాపు ఉండదు.

ఆ బుడిపె వల్లే చాలాకాలం అడవి కందులను అటిలోసియా అనే వేరే ప్రజాతిగా ఉంచారు. వాటిలో కొన్ని మామూలు కందితో సంకరం చేస్తే గింజ పడుతున్నాయని తేలడంతో, మిగతా లక్షణాలు కూడా కలిసిపోతుండటంతో, 1980ల మధ్యలో వాన్ డెర్ మేసెన్ అనే వృక్షశాస్త్రవేత్త రెండింటినీ కలిపి కజానస్ కింద 32 జాతులుగా సర్దాడు. ఈ అడవి కందుల మీద పని చేసే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది, 1972 నుంచి. పాత పుస్తకంలో అటిలోసియా అని కనపడితే కంగారు పడకుండా కజానస్ అని చదువుకోండి.

రెండోది అడవి పెసర, అడవి మినుము. చాలాకాలం ఈ రెండింటినీ కలిపి ఒకే జాతిగా లెక్కేశారంటే ఎంత పోలిక ఉందో చూడండి. ఆకు తమ్మెలు చూసి విడదీద్దామంటే కుదరదు, ఒకే తీగ మీద తమ్మె ఉన్నదీ లేనిదీ రెండూ ఉంటాయి. అడవి పెసర కాయలు పక్కలకు చాచి, కిందికి వాలి ఉంటాయి, వెంట్రుకలు పొట్టిగా ఉంటాయి. అడవి మినుము కాయలు పైకి నిలబడి ఉంటాయి, వెంట్రుకలు పొడవు. అనుమానం ఉంటే గింజ చూడండి, మినుము నాభికి చుట్టూ అంచు లేచి ఉంటుంది, పెసరకు గింజతో సమంగా ఉంటుంది. వంటింట్లో పొట్టు మినుములు, పెసలు చెరో నాలుగు తీసి లెన్స్ కింద పెడితే ఈ తేడా ఇప్పుడే కనపడుతుంది, అడవికి వెళ్ళక ముందే కంటికి అలవాటు చేసుకోండి.

ఐదో మెట్టు: నమూనా తేవడం

అనుమతి ఉంటేనే. పువ్వు, కాయ, కింది ఆకు, పై ఆకు అన్నీ ఒకే మొక్కవి ఉండాలి. తీగను జిగ్‌జాగ్‌గా మడిచి పేపరు మధ్య పెట్టండి, ఒక ఆకును తిరగేసి అడుగు భాగం కనపడేలా ఉంచండి, పువ్వు ఒకటి విప్పి విడిగా పరవండి. మొదటి రెండు మూడు రోజులు పేపర్లు రోజూ మార్చాలి, లేకపోతే ఆకులు నల్లబడి పత్రకాలు రాలిపోతాయి. పువ్వు రంగు, ఎత్తు, తేదీ, జీపీఎస్, ఏ చెట్టు మీద పాకింది అన్నవి అక్కడే రాయండి. కాయలను కాగితం కవర్లో ఆరనిచ్చి, వీలైతే కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్లో ఉంచితే గింజల్లో దాక్కున్న పురుగు చస్తుంది. లేదంటే నెల తర్వాత కవరు తెరిస్తే గింజల బదులు చిల్లులే మిగులుతాయి.

ఆరో మెట్టు: డాబా మీద పరీక్ష

వాగు పక్క తీగకు పెద్దాకు, రాతి మీది తీగకు చిన్నాకు. ఇది జాతి తేడానా, చోటు తేడానా? రెండింటి గింజలూ ఒకే మట్టిలో, ఒకే ఎండలో పక్కపక్కన కుండీల్లో వేయండి. పెరిగాక తేడా పోతే అది చోటు వల్ల వచ్చింది, నిలిస్తే పుట్టుకతో వచ్చింది. వర్గీకరణ పుస్తకాలు వంద చదివినా ఇంత స్పష్టంగా చెప్పవు.

అడవి గింజ పొట్టు గట్టిది, మామూలుగా వేస్తే నెలలు గడిచినా మొలవదు. నాభికి ఎదురు వైపు గరుకు కాగితం మీద కొద్దిగా అరగదీసి రాత్రంతా నానబెట్టండి, ఉబ్బినవాటినే నాటండి. మొలకనూ గమనించాలి. పెసర, మినుములో బీజదళాలు మట్టి పైకి వస్తాయి, కందిలో మట్టిలోనే ఉండిపోతాయి. విగ్నాల్లో మొదటి జత ఆకులకు కాడ ఉందా లేదా అన్నది కూడా ఉప గుంపులను విడదీస్తుంది, పెసర మినుముల్లో అది దాదాపు ఉండదు. ఒక్కో తల్లి మొక్క గింజలకు ఒక్కో కుండీ, కుండీ మీద పేరు పర్మనెంట్ మార్కర్‌తో. కోతుల బెడద ఉన్న కాలనీల్లో పైన వల కట్టండి. దూలగొండి మాత్రం డాబా మీద పెంచకండి, పక్కింటి ఆంటీ ఉతికి ఆరేసిన బట్టల మీద ఆ నూగు పడితే సంబంధాలు తెగిపోతాయి.

ఏడో మెట్టు: గీత ఎక్కడ గీయాలి

ఇరవై మొక్కల కొలతలు గ్రాఫ్ మీద పెట్టండి, అడ్డంగా ఒక లక్షణం, నిలువుగా ఇంకొకటి. చుక్కలన్నీ ఒకే మబ్బులా పరుచుకుంటే ఒకే జాతి, బాగా మారే జాతి. రెండు గుంపులుగా విడిపోయి మధ్యలో ఖాళీ ఉంటే ఆలోచించాల్సిన విషయం. అయినా ఒక్క లక్షణంలో ఖాళీ సరిపోదు, కాయలో ఒకటి, గింజలో ఒకటి, పువ్వులో ఒకటి, ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు లక్షణాలు ఒకేచోట తెగాలి, డాబా మీద పెంచినా తెగే ఉండాలి. అప్పుడే వేరే జాతి అనండి.

ఒకే లక్షణంలో తేడా, రెండింటినీ సంకరం చేస్తే పిల్ల మొక్కలకు గింజ బాగా పడుతోంది అంటే అది రకం స్థాయి. దురద లేని, పెంచుకునే దూలగొండిని ఒకప్పుడు వేరే జాతి అన్నారు, అడవి దానితో సులువుగా కలుస్తుంది కాబట్టి ఇప్పుడు మ్యుకునా ప్రూరియన్స్‌లో యుటిలిస్ అనే రకంగానే చూస్తున్నారు. ప్రాంతాన్ని బట్టి విడిపోయి, హద్దుల దగ్గర కలిసిపోతుంటే ఉపజాతి. ఎత్తుతో పాటు మెల్లగా మారుతుంటే దానికి ఏ పేరూ పెట్టక్కర్లేదు, "ఎత్తు పెరిగేకొద్దీ ఆకు సన్నబడుతోంది" అని ఒక వాక్యం రాస్తే చాలు.

చివరి మెట్టు: పేరు

గుర్తింపు కీతో, అంటే లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ పేరు దాకా తీసుకెళ్ళే పట్టికతో, వెళ్ళేటప్పుడు అది ఏ ప్రాంతానికి రాసిందో చూసుకోండి. గాంబుల్ అనే వృక్షశాస్త్రవేత్త 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాను, అంటే ఆ ప్రాంతపు మొక్కల పుస్తకాన్ని, మనవాళ్ళు ఇప్పటికీ వాడతారు, మంచి పుస్తకమే, కానీ నిజాం రాజ్యం అందులో భాగం కాదు, కాబట్టి తెలంగాణ గుట్టల మొక్క అందులో దొరకనంత మాత్రాన కొత్తది అయిపోదు. పేర్లు మారిపోయాయి కూడా, పెసర మినుములు అక్కడ ఫేసియోలస్ కింద ఉంటాయి, ఉలవ డోలికస్ కింద ఉంటుంది, ఇప్పుడవి విగ్నా, మాక్రోటైలోమా. అందుకే ఏ పేరు దొరికినా లండన్‌లోని క్యూ గార్డెన్స్ వాళ్ళ ఆన్‌లైన్ మొక్కల పట్టికలో ఒకసారి సరిచూసుకోండి.

తర్వాత హెర్బేరియం షీట్లతో, అంటే ఎండబెట్టి కాగితానికి అంటించి దాచిన నమూనాలతో, పోల్చండి. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం ఉంది, ఉస్మానియా బోటనీ విభాగం ఉంది, ముందుగా లెటర్ పెట్టుకుని వెళ్తే చూపిస్తారు. పోల్చేటప్పుడు ఒక్క షీటు చూసి లేవకండి, ఆ జాతి ఫోల్డర్ మొత్తం తిరగేయండి, మారే జాతి ఎంత దూరం మారగలదో అక్కడే తెలుస్తుంది.

అప్పటికీ గట్టిగా చెప్పలేకపోతే ప్రజాతి పేరు రాసి, జాతి పేరుకు ముందు "సీఎఫ్" అని పెట్టండి, "దీనితో పోల్చి చూడండి" అన్నట్టు. కాయ లేని షీటుకైతే నేను ఎప్పుడూ అంతకన్నా ముందుకు పోను. ఎవరైనా తర్వాత పేరు మారిస్తే పాత చీటీ పీకేయకూడదు, కొట్టేయకూడదు, దాని పక్కనే కొత్త చీటీ అంటించి, ఎవరు, ఏ సంవత్సరం, ఏ లక్షణం చూసి మార్చారో రాయాలి.